జమా-ఖర్చు: అల్లుడుగారి స్టేకు

గత సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ ఎందుకు రాయించాలో రాసినందుకు వచ్చిన ఉత్తరాలకు విడివిడిగా జవాబులు రాస్తున్నాను. వాటిలో కటకం నుంచి ఒక సోదరి, "మీరు అమెరికా వెళ్ళొచ్చారని విన్నాం. ఎప్పుడూ డిపాజిట్లేనా? అక్కడ ఖర్చులెలా ఉంటాయో రాయకూడదూ?" అని అడిగారు. ప్రయాణం మొత్తం లెక్క రాయాలంటే ఈ శీర్షికకు ఇచ్చే రెండు పేజీలు చాలవు. అందుకని ఒక్క పూట భోజనం లెక్క రాస్తాను. అది 2024 నవంబరు 13న, ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండో దగ్గర, డిస్నీ వారి పార్కులో మా అల్లుడుగారికి మేం పెట్టిన స్టేకు భోజనం.

స్టేకంటే తెలియని పెద్దలకు ఒక మాట. గొడ్డుమాంసం మందపాటి ముక్కగా కోసి, ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, నిప్పుల మీదో బాగా కాలిన పెనం మీదో రెండువైపులా కాల్చి, ముక్క ముక్కగానే కంచంలో పెడతారు. పులుసు ఉండదు, మసాలా ఉండదు. మన సభ్యుల ఇళ్ళలో తినేవారూ ఉన్నారు, పేరెత్తితే విస్తరి ముందు నుంచి లేచిపోయేవారూ ఉన్నారు. మా ఇంట్లోనే రెండు రకాలవాళ్ళమూ ఉన్నాం. నేను ముట్టను. ఎందుకని అడిగితే పెద్ద కారణం చెప్పలేను, అలవాటు లేదు, అంతే. మా ఆవిడ సంగతి వేరు. ఆవిడకు అది కూర్చున్న బల్ల మీదికి రావడమే ఇష్టం లేదు. పైగా మేం వెళ్ళింది కార్తీక మాసం.

అల్లుడుగారిది షోలాపూర్. మూడు తరాల కిందట మగ్గం పనికి వలస వెళ్ళిన కుటుంబం. ఆయన తెలుగులో మధ్యమధ్య మరాఠీ దొర్లుతుంది, వినడానికి ముచ్చటగానే ఉంటుంది. టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో స్నేహితులతో స్టేకు తినడం అలవాటయిందట. ఇప్పుడు అట్లాంటాలో ఉద్యోగం. 2024 జనవరిలో కంపెనీ వారు ఒక ఉదయం కొన్ని వందలమందిని తీసేస్తే, అందులో ఈయన పేరూ ఉంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఉండడానికి ఇచ్చే గడువు 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ వారు వీసా దరఖాస్తు పెట్టకపోతే, వేరే దారేదీ దొరక్కపోతే, పెట్టెలు సర్దుకోవాలి. ఈయనకు 52వ రోజున దొరికింది. ఆ 52 రోజులూ మా అమ్మాయి వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ, ఆదివారం ఫోన్లలో మాకు మాత్రం "అంతా బావుంది నాన్నా" అనే చెప్పింది.

ఆ రోజుల్లో అల్లుడుగారు ఒకే ఒక కోరిక కోరారట: "ఇది గట్టెక్కితే స్థిమితంగా కూర్చుని ఒక మంచి స్టేకు తినాలి." గట్టెక్కారు గానీ తినలేదు. ఖాళీగా ఉన్న రెండు నెలలూ ఇంటి ఖర్చు క్రెడిట్ కార్డు మీద నడిచింది. ఆ బాకీ తీరేదాకా బయట తినకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. అమెరికాలో కార్డు బాకీ వడ్డీ 2024లో సగటున ఏడాదికి 20 శాతం పైనే. అప్పు ఇచ్చే వృత్తిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్న నేను ఆ ఒట్టును మెచ్చుకోకుండా ఎలా ఉంటాను?

బాకీ తీరాక, నాలుగేళ్ళ మనవరాలికి ఎప్పటినుంచో చెబుతూ వస్తున్న డిస్నీ ప్రయాణం పెట్టుకుని మమ్మల్నీ రమ్మన్నారు. అమ్మాయి ఫోనులో గొంతు తగ్గించి, "నాన్నా, టిక్కెట్లూ హోటలూ మేం చూసుకుంటాం. ఆయన భోజనం ఒక్కటి నువ్వు చూడు. ఆయనకు చెప్పకు. అమ్మని నువ్వే ఒప్పించాలి" అంది. మూడు పనులూ కష్టమైనవే. మూడోది మరీను.

డిస్నీ వరల్డ్ అంటే మన ఊళ్ళలో ఎగ్జిబిషన్ గ్రౌండు లాంటిదనుకుంటే పొరపాటు. అది సుమారు 100 చదరపు కిలోమీటర్లు. మా యానాం జిల్లా 30, అంటే మూడు యానాంలు పట్టి ఇంకా కాస్త మిగులుతుంది. దాన్ని తలపెట్టిన వాల్ట్ డిస్నీ 1966లోనే పోయారు. అన్నగారు రాయ్ డిస్నీ తన పదవీ విరమణ వాయిదా వేసుకుని పని పూర్తిచేయించి, 1971 అక్టోబరు 1న తెరిచి, ఆ డిసెంబరులోనే కన్నుమూశారు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న నాకు ఈ రెండో అన్నదమ్ముడి కథే ఎక్కువ నచ్చింది. లోపల నాలుగు పెద్ద పార్కులు, వాటి చుట్టూ హోటళ్ళు, బజారు. ఒక పార్కులోకి వెళ్ళడానికి మనిషికి రోజుకు 100 డాలర్లు దాటుతుంది. మూడేళ్ళు నిండిన పిల్లలకూ టిక్కెట్టు ఉంది.

ఇక్కడే మన కామర్సు చదువు అక్కరకొచ్చింది. మంచి స్టేకు దొరికే చోట్లు అక్కడ చాలానే ఉన్నాయి. వాటిని రెండు పద్దుల కింద రాసుకున్నాను: పార్కు గేటు దాటితే గానీ చేరలేనివి, గేటు బయట ఉన్నవి. హోటళ్ళలోని భోజనశాలలకు, డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారుకు పార్కు టిక్కెట్టు అక్కర్లేదు. కాంటెంపరరీ అనే హోటల్లో స్టేక్‌హౌస్ 71 ఉంది. 1971ని గుర్తుచేస్తూ పెట్టిన పేరు, 50 ఏళ్ళు నిండిన రోజున, అంటే 2021 అక్టోబరు 1న తెరిచారు. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి నడిచి పోవచ్చు, ధరలు కూడా మిగతా వాటికన్నా కొంచెం నయం. డిస్నీ స్ప్రింగ్స్‌లో నీటి ఒడ్డున బోట్‌హౌస్ ఉంది. యాట్ క్లబ్ హోటల్లో యాట్స్‌మన్ స్టేక్‌హౌస్ ఉంది, మాంసం అక్కడే కొన్ని వారాలు మాగబెట్టి అక్కడే కోస్తారని పెద్ద పేరు. కాకపోతే ఆ కోసే గది అద్దాల గది, వచ్చేవారందరికీ కనిపించేలా కట్టారు. తెలిసినవారికి అదొక వేడుక. కార్తీక మాసంలో మా ఆవిడను ఆ అద్దాల ముందు నుంచి నడిపించే ధైర్యం నాకు లేదు. ఆ పద్దు అక్కడే కొట్టేశాను.

టిక్కెట్టు అక్కర్లేని చోటే చవక అని మొదట అనిపిస్తుంది. కానీ పిల్లలు ఒక రోజు ఎప్‌కాట్ పార్కుకు ఎలాగూ టిక్కెట్లు కొన్నారు. కొన్న టిక్కెట్టు ఖర్చు మళ్ళీ భోజనం ఖాతాలో రాయకూడదు. అప్పుడు ఎప్‌కాట్ లోపలి భోజనశాలా బయటిదీ లెక్కలో సమానమే. పైగా పాపను బస్సుల్లో అటూ ఇటూ తిప్పే బాధ లేదు. అందుకని ఎప్‌కాట్‌లోని కెనడా మంటపంలో ఉన్న లె సెల్యే దగ్గర ఆగాను.

ఎప్‌కాట్ 1982లో తెరిచారు. అందులో ఒక చెరువు చుట్టూ 11 దేశాల మంటపాలున్నాయి: మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాను, మొరాకో, ఫ్రాన్సు, ఇంగ్లండు, కెనడా. మన దేశం లేదు. చుట్టూ తిరిగితే రెండు కిలోమీటర్లు. కెనడా వారి మంటపం ఆట్టవాలోని షాటో లోరియే అనే కోటలాంటి హోటలును చూసి కట్టారు. ముందున్న పూలతోటకు బ్రిటిష్ కొలంబియాలోని బుచర్ట్ గార్డెన్స్ నమూనా. భోజనశాల ఆ కోట కింద, నేలమాళిగలా ఉంటుంది.

ఆ పేరు నాకు కొత్తగా అనిపించలేదు. యానాం 1954 దాకా ఫ్రెంచివారిది. కాగితాల మీద మన దేశానికి పూర్తిగా దఖలు పడింది 1962లో. మా తాతగారు ఆ దొరతనంలో గుమాస్తా. ఆయన నోటి వెంట నాలుగు ఫ్రెంచి ముక్కలు మాకూ వచ్చాయి. సెల్యే అంటే సారాయీ సరుకులూ దాచుకునే కొట్టుగది. అలాగే అక్కడ పేరుపడ్డ ముక్క ఫిలే మిన్యాన్. మాట ఫ్రెంచిదే, కానీ ఫ్రాన్సులో ఆ పేరు చెబితే సాధారణంగా పంది మాంసం తెచ్చి పెడతారు. గొడ్డుమాంసానికి ఉత్త ఫిలే అంటే చాలు. అమెరికావారు మాట తెచ్చుకుని అర్థం అక్కడే వదిలేశారు. ఈ సంగతి అల్లుడుగారికి చెప్పి కాస్త గొప్ప కొట్టుకున్నాను.

భోజనానికి చోటు 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. మళ్ళీ 60! లెక్క వేస్తే అది సెప్టెంబరు 14, రెండో శనివారం, మా బ్యాంకుకు సెలవు. అక్కడ ఉదయం ఆరు గంటలంటే మనకు మధ్యాహ్నం మూడున్నర. మూడుంబావుకే కంప్యూటరు ముందు కూర్చుని ఐదుగురికి సాయంత్రం ఆరుగంటల పది నిమిషాలకు బల్ల సంపాదించాను. ముందుగా డబ్బు కట్టక్కర్లేదు గానీ కార్డు నెంబరు తీసుకుంటారు. చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్లు జరిమానా.

ఇక మా ఆవిడను ఒప్పించడం. నేను ఏమీ వాదించలేదు. ఆ 52 రోజుల క్యాలెండరు సంగతి మాత్రం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వస్తాను. నా కంచం అటువైపు పెట్టకూడదు. వాళ్ళ గరిటె తగిలింది నాకొద్దు" అంది. క్షీరాబ్ది ద్వాదశి ఆ రోజేనని నేను భయపడుతుంటే, ఆ సందేహమూ ఆవిడే తీర్చింది. మన దేశంలో ద్వాదశి 13వ తేదీ అయినా, అక్కడి సూర్యోదయం ప్రకారం 12నే వచ్చేసింది. హోటలు గదిలో నిప్పు వెలిగించకూడదు గనక బ్యాటరీ దీపం పెట్టి ముందురోజే పూజ కానిచ్చేసింది. పంచాంగం విషయంలో నాకన్నా ఆవిడే మంచి అకౌంటెంటు.

కార్తీకం వాళ్ళకో హెచ్చరిక. లె సెల్యేలో చెడ్డర్ జున్ను సూపుకు చాలా పేరు. పచ్చగా, చిక్కగా, చూడ్డానికి మన ముద్దపప్పు జారులా ఉంటుంది. కానీ అందులో పంది మాంసం బేకను ముక్కలు, కోడిమాంసం ఉడికించిన నీళ్ళు, బీరు పడతాయి. డిస్నీ వారే వంట విధానం అచ్చువేశారు గనక నాకు ముందే తెలుసు. కనుక రంగు చూసి శాకాహారమనుకోవద్దు, అడగండి. పాలూ మాంసమూ ఏదీ లేని వంటకాలకు 2019 నుంచి వారి మెనూల్లో ఆకు గుర్తు వేస్తున్నారు. మేం బల్ల దగ్గర కూర్చోగానే వడ్డించే అమ్మాయితో చెబితే వంటమనిషే తెల్లటోపీతో బయటికొచ్చి, మా ఆవిడకు ఏది కూడదో ఓపిగ్గా రాసుకుని, వేరే పెనం మీద వండి పంపించారు. ఇంత పెద్ద చోట ఆ ఓపిక నేను ఊహించలేదు. మా ఆవిడ మనసు సగం అక్కడే మెత్తబడింది. మిగతా సగం దీపాలు మసగ్గా ఉండడం వల్ల. "చీకట్లో ఎవరి కంచంలో ఏముందో తెలీదులే" అంది.

ముక్కల గురించి నేను తెలుసుకున్నది కొంచెం రాస్తాను, తినేవారికి పనికొస్తుంది. పశువు వెన్నెముక కింద, పని తక్కువ చేసే కండ నుంచి తీసింది ఫిలే. మెత్తగా ఉంటుంది, కొవ్వు తక్కువ. పక్కటెముకల దగ్గరది రిబ్-ఐ, కొవ్వు చారలుంటాయి, రుచి దాందే అంటారు. రెంటికీ మధ్యస్తం న్యూయార్క్ స్ట్రిప్. మెనూలో రాసే ఔన్సులు పచ్చి తూకం. 8 ఔన్సులంటే సుమారు 227 గ్రాములు, కాలాక తగ్గుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ వారు మాంసానికి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని తరగతులు ఇస్తారు, కొవ్వు చారలు ఎంత బాగా ఉంటే అంత పై తరగతి. ఆరోగ్య తనిఖీ తప్పనిసరి గానీ, ఈ తరగతి కోరుకున్న కంపెనీ వారే రుసుము కట్టి వేయించుకోవాలి. మా క్రెడిట్ రేటింగులూ అంతే. మార్కులు వేయించుకునేవాడే ఫీజు కడతాడు.

ఎలా కాల్చాలని ఆ అమ్మాయి అడిగింది. అల్లుడుగారు మీడియం రేర్ అన్నారు. అంటే లోపల 54 నుంచి 57 డిగ్రీల సెంటీగ్రేడు, నడుమ ఎర్రగా ఉంటుంది. ఫ్రెంచివారు ఇంకొంచెం పచ్చిగా ఉన్నదాన్ని సేన్యాఁ అంటారు, రక్తం కారేదని అర్థం. ఆ మాట ఆ పూట బల్ల దగ్గర ఉచ్చరించలేదు.

ఫిలే వచ్చింది. అరచేతిలో ఇమిడేంత, కానీ మూడు వేళ్ళ మందం. పక్కన పుట్టగొడుగులు వేసి వండిన అన్నం. అల్లుడుగారు కత్తి పెట్టారు. మా ఆవిడ చూడనని చెప్పి, చూసింది. చూసి ఊరుకుందా? "బాబూ, లోపల ఎర్రగా ఉంది, ఉడకలేదు. కడుపు నొప్పొస్తుంది. వెనక్కి పంపించి మళ్ళీ కాల్చమనండి" అంది. అమ్మాయి పకపకా నవ్వింది. అల్లుడుగారు నవ్వలేదు. "అత్తయ్యగారూ, ఇది ఇలాగే తింటారు" అని నెమ్మదిగా చెప్పారు. నేనూ కలగజేసుకుని, ఆ ఎరుపు రక్తం కాదనీ, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థమనీ చెప్పాను. న్యాయంగా ఇంకోటీ చెప్పాలి: అమెరికా వ్యవసాయ శాఖ వారు 63 డిగ్రీలదాకా కాల్చి మూడు నిమిషాలు ఆగమంటారు. అంటే సర్కారు వారు మా ఆవిడ పక్షమే. అది కూడా చెప్పాను. ఆవిడ తృప్తిపడి, అల్లుడుగారు తినేదాకా ఆ కంచం వంకే అనుమానంగా చూస్తూ కూర్చుంది. నీచని కాదు, పచ్చి అని.

నేను చేప తెప్పించుకున్నాను. బావుంది. గోదావరి చేప తిన్న నోటికి అంతకన్నా చెప్పడం కష్టం.

అల్లుడుగారు తొందరపడకుండా తిన్నారు. సగమయ్యాక ఫోర్కు పక్కన పెట్టి, నా వైపు చూసి, "మావయ్యగారూ, జనవరిలో మీకు చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. 40వ రోజున షోలాపూర్‌కి మూడు వన్‌వే టిక్కెట్ల ధర కూడా చూశాను" అన్నారు. నేను బ్యాంకువాణ్ణి, ఎదుటివాళ్ళు అప్పుల సంగతి చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదని నేర్చుకున్నవాణ్ణి. విన్నాను. ఇంటర్వ్యూల సంగతి, పాపను పార్కుకు తీసుకెళ్ళి అక్కడి బెంచీ మీద నుంచే ఫోన్లు చేసిన సంగతి, అమ్మాయి తన గాజులు అమ్ముదామంటే వద్దన్న సంగతి, అన్నీ చెప్పారు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. మా ఆవిడ తన కంచంలో ఉన్న కాల్చిన బంగాళాదుంప ఒకటి తీసి, తన చేత్తోనే ఆయన కంచంలో వేసింది. గరిటె నియమం ఏమైందని నేను అడగలేదు.

బిల్లు. ధరలు తరచు మారుతుంటాయి గనక అంకెలు రాయను, లెక్క వేసే విధం రాస్తాను. మెనూలో చూసిన మొత్తం 100 డాలర్లనుకోండి. ఆ జిల్లాలో అమ్మకం పన్ను ఆరున్నర శాతం, అది 6.50. టిప్పు 18 నుంచి 20 శాతం, 20 వేసుకుందాం. వెరసి 126.50. అంటే మెనూలో అంకె చూడగానే మనసులో దాన్ని ఒకటీ పావు చేసుకోవాలి. టిప్పు అక్కడ దయాధర్మం కాదు, వడ్డించేవారి జీతంలో భాగమనే అనుకోండి. ఆరుగురూ అంతకు మించీ కూర్చుంటే డిస్నీ వారే 18 శాతం బిల్లులో కలుపుతారు. అప్పుడు మళ్ళీ పైన వేయనక్కర్లేదు. కార్డు గీకేటప్పుడు రూపాయలా, డాలర్లా అని మిషను అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు అవతలివాడు వేస్తాడు, మనకు నష్టం. మన దేశపు మామూలు క్రెడిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు మూడున్నర శాతం దాకా అదనంగా పడుతుంది. ముందే డాలర్లు నింపుకున్న ఫారెక్స్ కార్డు మేలు.

అల్లుడుగారు బిల్లు అందుకోబోయారు. ఆ కార్డు నేను లోపలికి రాగానే ఆ అమ్మాయి చేతికిచ్చి ఉంచాను. రూపాయల్లో ఎంతయిందని మా ఆవిడ బస్సులో అడిగింది. చెప్పాను. "మన దగ్గర పులసకి ఇంతకన్నా ఎక్కువే పెడతారు కదండీ" అంది. నిజమే, పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊరు మాది. వచ్చే వరదల సమయానికి పిల్లలు ముగ్గురూ యానాం వస్తామన్నారు. ఇప్పటినుంచే చేపల రేవులో చెప్పి ఉంచాను, ఆ పద్దు కింద నెలకు కొంత తీసి పెడుతున్నాను.